పాసింజరు రాని రోజుల్లో మూసిన గేటు

మొన్న సాయంత్రం టీవీలో అడుగున పరుగెత్తే అక్షరాల్లో రైల్వే కార్మికులు సమ్మె నోటీసు ఇచ్చారని చదివి, అయితే ఏముందిలే, బస్సులున్నాయి, కార్లున్నాయి అనేసి మా అబ్బాయి మళ్లీ ఫోనులోకి తలదించుకున్నాడు. వాడి వయసుకి అది నిజమే. నాకు మాత్రం ఆ అక్షరాలు చూడగానే తొంభైల చివరినాటి ఒక ఎండాకాలమూ, బండ్లు తిరగక తుప్పుపట్టిన పూండి స్టేషను పట్టాలూ, పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ ఇనప గేటూ, ఆ గేటు వెనకాల తెల్లచొక్కా మడత నలగకుండా నిలబడ్డ మా మేనమామా కళ్లముందుకొచ్చేశారు. వయసు మీదపడితే కోపాలు వాటంతటవే చల్లారతాయని పెద్దవాళ్లు అంటారు. ఆ మాట నమ్మి చాలా ఏళ్లు ఎదురుచూసి, చివరికి నమ్మడం మానేసిన నా ఈడువాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఇది వాళ్లకి చెప్పుకుంటున్నాననుకోండి.

మా ఊరు పూండి స్టేషనుకి కూతవేటు దూరం. ఉద్దానంలో అందరికీ ఉన్నట్టే మాకూ నాలుగు కొబ్బరి చెట్లు, కాస్త జీడితోట ఉండేవి గానీ, నాన్న నా చిన్నతనంలోనే పోవడంతో ఇంటికి అవి చాలేవి కావు. పదో తరగతి అవగానే నేను కూడా ఊళ్లో మిగతా ఆడవాళ్లతోపాటు పొద్దున్నే పాసింజరెక్కి పలాస పనికి వెళ్లడం మొదలుపెట్టాను. ఆ రోజుల్లో ఆ పాసింజరు ఎక్కినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఎక్కనివాళ్లకి చెప్పినా అర్థం కాదు. ఇంజను వైపు నుంచి మూడో పెట్టె మాది అని ఎవరూ రాసివ్వలేదు గానీ, మగవాళ్లెవరూ అందులో ఎక్కేవారు కాదు. రాత్రి మిగిలిన కూర ఒకరి గిన్నెలోంచి ఇంకొకరి గిన్నెలోకి మారేది, అత్తల మీద తిట్లూ, పిల్లల దగ్గులూ, కొత్తగా వచ్చిన చీరల రంగులూ అన్నీ ఆ పెట్టెలోనే తేలేవి. జీడిపిక్కల నూనె అంటి నల్లబడ్డ వేళ్లను ఒకరివొకరు చూసుకుని నవ్వుకునేవాళ్లం, పెళ్లిచూపులకి ఈ చేతులు ఎక్కడ దాచుకోవాలా అని.

మా ఊరి ఆడవాళ్లందరినీ ఆ ఫ్యాక్టరీలో పనికి పెట్టింది మా మేనమామే. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. ఫ్యాక్టరీకి మేస్త్రీ, అంటే ఎవరు రావాలో, ఎవరు ఏ పీట మీద కూర్చుని పప్పు తొక్క తీయాలో, ఎవరు రేపటినుంచి రానక్కర్లేదో చెప్పే మనిషి. నాన్న పోయాక మమ్మల్ని కనిపెట్టుకున్నది ఆయనేనని అమ్మ పదిమందిలో చెప్పుకునేది, అది అబద్ధమూ కాదు. అందుకే తన కూతుర్ని మా అన్నకి ఇచ్చి చేస్తానని ఆయన అనుకుంటే ఎవరూ కాదనలేదు. మా అన్న కాదన్నాడు. పారదీపు ఓడరేవులో వెల్డింగు పనికి వెళ్లినవాడు సెలవుకి వచ్చి, సంతబొమ్మాళి వైపు తను చూసుకున్న పిల్లనే చేసుకుంటానని పట్టుబట్టి చేసుకున్నాడు. ఆ పెళ్లికి మావయ్య వచ్చాడు, భోజనం చేశాడు, చెయ్యి కడుక్కుని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఆ తరువాత కూడా మా ఇంటికి వచ్చేవాడు, అమ్మతో నవ్వుతూ మాట్లాడేవాడు, మా వదిన నీళ్లిస్తే మాత్రం గ్లాసు ముట్టుకునేవాడు కాదు. మా వదిన నెమ్మదస్తురాలు. ఆ గ్లాసు తనే తీసుకెళ్లి గుమ్మం పక్కన మల్లెమొక్కకి పోసేది.

వదిన కూడా మాతోపాటు పనికి వచ్చేది. ఆ ఎండాకాలానికి ఆమెకి నాలుగో నెల. బయటివాళ్లకి చెప్పలేదు గానీ, అమ్మ సంతోషం ఆపుకోలేక తమ్ముడికి చెప్పేసింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఆయనకి తెలుసు.

జీడిపిక్కలు లారీలకి లారీలు దిగుతున్న రోజులవి. ఒక పొద్దున్న మేమంతా పూండి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉండగా పాసింజరు వేళకి రాలేదు, వేళ దాటాకా రాలేదు. స్టేషను మాస్టరు బయటికొచ్చి, డ్రైవర్లూ గార్డులూ పని ఆపేశారు, బండ్లు ఎక్కడివక్కడే నిలిచిపోయాయి, ఇళ్లకి వెళ్లిపోండని చెప్పాడు. మొదటిరోజు మాకు అది పండగలా అనిపించింది, నవ్వుకుంటూ ఇళ్లకి పోయాం. మర్నాటికి నవ్వు పోయింది. నౌపడా వైపు పరీక్ష రాయడానికి వెళ్లాల్సిన కాలేజీ పిల్లలు రోడ్డు మీద కనిపించిన ప్రతి లారీకీ చెయ్యెత్తి పరిగెత్తేవారు. సముద్రం ఒడ్డు ఊళ్లనుంచి చేపల గంపలు తెచ్చిన ఆడవాళ్లు స్టేషను మెట్ల మీద కూర్చుని, ఐసు కరిగి నీళ్లు కాళ్లకింద కారిపోతుంటే అలాగే చూస్తూ ఉండిపోయారు. జీపుల పైన మనుషులు, వెనక నిచ్చెనకి వేలాడుతూ మనుషులు. ఆడమనిషి ఎక్కడానికి చోటన్నది లేకుండా పోయింది. మా అన్న ఆ వారమే సెలవు మీద రావలసినవాడు. ఊళ్లో ఫోను బూతుకి కబురు చేశాడు, బండి కదిలితే మొదటి బండికే వస్తానని.

మా వీధిలో పట్టాల పని చేసే రైల్వే బాబాయి ఒకాయన ఉండేవాడు. ఆయన బండి నడిపేవాడు కాదు, సమ్మె ఆయన చేతిలోనూ లేదు, అయినా మా కోపమంతా ఆయన మీదే పడింది. బోరింగు దగ్గర వాళ్ల ఆవిడ బిందె పెడితే పక్కకి నెట్టేసినవాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల సమ్మె జీతాల గురించో, డ్యూటీల గురించో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. ఒకటి మాత్రం గుర్తుంది. మేం అన్ని మాటలన్నా ఆయన ఎదురు చెప్పకుండా అరుగు మీద కూర్చుని, మీకు కష్టంగానే ఉంటాదమ్మా, ఒకలు మానేత్తే ఆడికే నష్టం, అందరూ మానేత్తేనే మాట ఇంటారు, అన్నాడు. అప్పట్లో ఆ మాట నాకు రుచించలేదు.

ఫ్యాక్టరీలో పని ఆగిపోతోందని సావుకారు మా ఊరికి ఒక ట్రెక్కరు జీపు పంపించాడు. ఎవరు ఎక్కాలో చెప్పేది మావయ్య. తన కూతుర్నీ, తనకి కావలసినవాళ్లనీ ఎక్కించాడు, నన్నూ ఎక్కమన్నాడు. వదిన కాలు పైకి పెట్టబోతుంటే తలుపు దగ్గర చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆవిణ్ణి నడిసి రమ్మను. ఇష్టపడి తెచ్చుకున్నోడు బండి కూడా తెచ్చుకోవాల గదా."

నవ్వుతూనే అన్నాడు. బండిలో ఉన్నవాళ్లలో ఒకరిద్దరు నవ్వారు కూడా. ఎవరు పనికి రాకపోతే వాళ్ల పీట వేరేవాళ్లకి వెళ్లిపోతుందని, ఒకరి పీట పోతే ఆ ఇంట్లో వాళ్లందరివీ పోయినట్టేనని చెప్పి బండి పోనిచ్చాడు. నేను దిగిపోయాను. చోటు దొరకని మరికొంతమంది ఆడవాళ్లూ, మేమూ కలిసి పట్టాల మీద నడక మొదలుపెట్టాం. రోడ్డుకంటే పట్టాలే దగ్గర, పైగా బండ్లు రావన్న ధైర్యం ఒకటి.

వదినని ఇంటి దగ్గర ఉండిపొమ్మని నేను చెప్పాను, అమ్మ చెప్పింది. అన్న వచ్చేదాకా ఇల్లు గడవాలి, నా వల్ల నీ పని కూడా పోతే ఎలాగ అని ఆవిడే వినలేదు. ఎప్పుడూ వెండిలా మెరిసే పట్టాల మీద ఎర్రటి పొర కట్టింది. పట్టాల కింద అడ్డంగా పరిచిన స్లీపరు దిమ్మల మధ్య దూరం ఆడవాళ్ల అంగకి సరిపోదు, ఒక అడుగు దిమ్మ మీద పడితే ఒకటి కంకర మీద పడుతుంది. మొదట్లో పాటలు పాడుకున్నాం, తరవాత మాటలాడుకున్నాం, ఎండ ఎక్కాక అవీ ఆగిపోయాయి. వదిన నా భుజం పట్టుకుని నడిచింది. మధ్యమధ్య ఆగి, ఏమీ లేదులే, పద, అనేది.

పలాస దగ్గరికొచ్చేసరికి స్టేషన్లో ఒక ఎక్స్‌ప్రెస్ నిలిచిపోయి ఉంది. ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నవాళ్లో, పిల్లలూ ముసలివాళ్లూ ప్లాట్‌ఫారమంతా దుప్పట్లు పరుచుకుని ఉన్నారు. పలాస ఊరు ఊరంతా అక్కడే ఉన్నట్టుంది. ఎవరో పులిహోర కలిపి బేసిన్లతో మోసుకొస్తున్నారు, ఎవరో కుండలతో మజ్జిగ పోస్తున్నారు, భాష తెలియనివాళ్లకి సైగలతో కొసరి కొసరి పెడుతున్నారు. అది చూసి మనోళ్లు మంచోళ్లే అని వదిన అంది. మాకూ ఇవ్వబోయారు గానీ, ఆలస్యమైపోతోందన్న భయంతో ఆగలేదు. ఆ మజ్జిగ తాగి వెళ్లి ఉంటే ఏమయ్యేదో అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

ఫ్యాక్టరీ గేటు దగ్గర మావయ్య నిలబడి ఉన్నాడు. మాతో నడిచి వచ్చినవాళ్లని ఒక్కొక్కరినీ లోపలికి పంపించాడు. వదిన దగ్గరకొచ్చేసరికి గేటు మూసేశాడు.

"నువ్వెల్లు గుంటా లోపలికి. ఆవిడికి ఇక్కడ పీట నేదు."

"మావా, వదినకి బాగోనేదు. కూకోనీ కాసేపు. కాసిన్ని నీల్లైనా ఇయ్యి."

"ఎదురుగా టీ కొట్టుంది. అక్కడడుగు."

ఆ టీ కొట్టు పాలు రాక రెండు రోజులనుంచీ మూసే ఉంది, అదీ ఆయనకి తెలుసు. లోపల నీళ్ల కుళాయి నాకు గేటు ఊచల్లోంచి కనిపిస్తూనే ఉంది. నేను లోపలికి వెళ్లలేదు. ఆ గోడవారన బెత్తెడు నీడ కూడా లేదు. ఆయన గేటుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, లోపల కుర్చీలో మాకు వీపు చూపించి కూర్చున్నాడు. వదిన నేలమీద చతికిలబడిపోయింది. కాసేపటికి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, అప్పుడు నేను కిందకి చూశాను. ఆ తరువాత నేను ఆ గేటుని రెండు చేతులతో కొట్టాను. లోపలి ఆడవాళ్లు లేచి నిలబడ్డారు, ఆయన కూర్చోమని అరిచాడు, కూర్చున్నారు. ఆయన మాత్రం లేవలేదు.

వదినని భుజానికి ఆనించుకుని వెనక్కి నడిపిస్తే, రిక్షా దొరికింది స్టేషను దగ్గరే. నిలిచిపోయిన ఆ ఎక్స్‌ప్రెస్‌లో ప్రయాణం చేస్తున్న ఒరియా ఆవిడ ఒకామె, వయసులో మా అమ్మంత ఉంటుంది, వదినని చూసి తన పెట్టె తెరిచి ఉతికిన చీర ఒకటి తీసి చుట్టబెట్టింది. రిక్షాలో మాతోపాటే ఎక్కి, వదిన తలని ఒళ్లో పెట్టుకుని, ఆసుపత్రి దాకా ఏదో మాట్లాడుతూనే ఉంది. ఆవిడ మాటలు మాకు తెలియవు. ఆవిడ పేరు అడగాలని కూడా నాకు తోచలేదు.

బిడ్డ దక్కలేదు. నడకవల్లో, ఎండవల్లో, అవేవీ కాకుండానో అన్నది చెప్పలేమని డాక్టరమ్మ అంది. ఆవిడ చదువుకున్న మనిషి, అలాగే అనాలి. నేను మాత్రం చెప్పగలను.

బండ్లు మళ్లీ కదిలాక అన్న మొదటి బండికే వచ్చాడు. విషయం తెలిసి కత్తి పట్టుకుని మావయ్య ఇంటికి బయలుదేరితే అమ్మ కాళ్లమీద పడి ఆపింది. మావయ్య మా ఇంటికి రాలేదు, మనిషిని పంపలేదు, జరిగింది దేవుడి ఇష్టమని మాత్రం ఊళ్లో అన్నాడట. అన్న కోపం కత్తితో లేచి కన్నీళ్లతో దిగింది. నాది అలాంటిది కాదు. నాకు ఆయన రక్తం అక్కర్లేదు. ఆయన మేస్త్రీగా నిలబడే ఆ గేటు కావాలి.

మళ్లీ మూడో పెట్టెలో కూర్చున్న మొదటి పొద్దున్న నేను అంతా చెప్పాను, లోపల లేచి నిలబడి మళ్లీ కూర్చున్నవాళ్ల మొహాల్లోకి చూస్తూ చెప్పాను.  మా వీధి పెద్దమ్మ, అందరికంటే ముందునుంచీ ఆ పని చేస్తున్న మనిషి, ఏటి సేద్దామంటావు అని అడిగింది. నాకు అప్పుడు రైల్వే బాబాయి మాట గుర్తొచ్చింది. ఒకలం మానేత్తే పీట పోతాది, అందరం మానేత్తే మేస్త్రీ పోతాడు, అన్నాను. స్టేషనుకి అవతల ఇంకో ఫ్యాక్టరీ ఉంది, వాళ్లకి మనుషులు చాలక సతమతమవుతున్నారు. పెద్దమ్మా నేనూ వెళ్లి ఆ ఫ్యాక్టరీ నడిపే ఆవిడతో మాట్లాడాం. తీసుకుంటే ఊరందరినీ తీసుకోవాలి, మధ్యలో మేస్త్రీ ఉండకూడదు అని చెప్పాం. ఆవిడ ఒప్పుకుంది.

తొందరపడలేదు. మా సావుకారు పెద్ద ఊరి వ్యాపారికి సరుకు పంపాల్సిన రోజు, లారీ గేటు ముందుకొచ్చి నిలబడేదాకా రోజూ పనికి వెళ్లాం, అక్కకూతుర్నని నా పీట నాకుంచిన మావయ్య చెప్పినట్టల్లా విన్నాం. మేం మరిచిపోయామని ఆయన మనసులో అనుకున్నాడు. ఆ పొద్దున్న పాసింజరు దిగి, కొత్త ఫ్యాక్టరీకి అడ్డదారి ఉన్నా నేనే అందరినీ ఆ గేటు ముందునుంచి తీసుకెళ్లాను. వరసగా, నెమ్మదిగా. గేటు బార్లా తెరిచి ఆయన నిలబడి ఉన్నాడు. మేం ఆగకుండా పోతుంటే మొదట ఆయనకి అర్థం కాలేదు. తరవాత అత్తా అనీ, వదినా అనీ, చెల్లీ అనీ ఒక్కొక్కరినీ వరస పెట్టి పిలిచాడు. ఎవరూ తల తిప్పలేదు. చివరికి ఆయన కూతురు కూడా, తండ్రి మొహం చూడలేక తలవంచుకుని, మా వెనకాలే వచ్చేసింది. నేను మాత్రం తల తిప్పి చూశాను. ఆ మొహం చూడటానికే నేను అన్ని రోజులు ఓపిక పట్టాను, తనివితీరా చూశాను.

ఆ సాయంత్రమే సావుకారు ఆయన్ని పనిలోంచి తీసేశాడని తెలిసింది. ఆ రాత్రి నేను కడుపునిండా అన్నం తిన్నాను. పాపమని అమ్మ ఏడ్చింది. వదిన లేచి గుమ్మం పక్కన మల్లెమొక్కకి నీళ్లు పోసింది.

దాంతో అయిపోలేదు. రెండేళ్లకి నా పెళ్లి కుదిరింది. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మేనమామ పీటల మీదకి తీసుకురావాలి కదా, అది ఆయన హక్కు, ఆ హక్కు కాదనడం మా వైపు ఎవరూ విననిది. అమ్మ బతిమాలింది, పెద్దమనుషులు చెప్పారు. మావయ్య కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. బాగా చిక్కిపోయి ఉన్నాడు. ముహూర్తానికి బుట్ట తెచ్చి నా ముందు పెట్టాడు.

"అక్కర్నేదు మావా. పూండి కాడనుంచి పలాస దాకా నడిసినదాన్ని, ఈ పందిట్లో నడవలేనా."

 నేను వదిన చెయ్యి పట్టుకుని నడిచి వెళ్లి పీటల మీద కూర్చున్నాను. ఖాళీ బుట్ట పట్టుకుని ఆయన బయటికి ఎలా వెళ్లాడో నేను చూడలేదు, చూసినవాళ్లు చెప్పారు. మా అత్తవారు కొన్నాళ్లు నన్ను గయ్యాళి అనుకున్నారు. అనుకోనీ అనుకున్నాను.

కాలం గడిచింది. వదినకి చాలా ఆలస్యంగా ఒక ఆడపిల్ల పుట్టింది. మావయ్యకి మా ఉద్దానంలో ఇంటింటికీ వచ్చిన ఆ కిడ్నీ జబ్బే వచ్చింది. విశాఖపట్నం రైలెక్కి వెళ్లి రక్తం శుద్ధి చేయించుకుని వచ్చేవాడట, బండి ఆలస్యమైతే ప్లాట్‌ఫారం మీదే పడుకునేవాడట. నేను చూడ్డానికి వెళ్లలేదు. వదిన వెళ్లింది. జావ కాచి క్యారేజీలో పట్టుకెళ్లింది, ఒకసారి కాదు, చాలాసార్లు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు ఆయన మీదకంటే వదిన మీద ఎక్కువ కోపం వచ్చింది, అడిగేశాను.

"ఆ బిడ్డ నా కడుపులో బిడ్డ. కోపం నాది. నాను ఒగ్గేసినాను. నువ్వెందుకొగ్గవు?" అంది వదిన.

"నువ్వు ఒగ్గేసినావు కాబట్టే" అన్నాను.

ఆ తరువాత చాలాకాలం మేమిద్దరం సరిగా మాట్లాడుకోలేదు. మావయ్య పోయిన రోజున కూడా ఆవిడ వెళ్లింది, నేను వెళ్లలేదు. ఇప్పుడు మళ్లీ మాట్లాడుకుంటున్నాం, ఆ ఒక్క విషయం తప్ప.

అప్పటి ఆడవాళ్లలో చాలామంది లేరు, ఉన్నవాళ్లకి మోకాళ్లు లేవు. పప్పు తొక్క తీయడానికి పలాసలో మిషన్లు వచ్చేశాయి. మిగిలిన పనికి కావలసిన ఆడపిల్లలని ఇప్పుడు ఫ్యాక్టరీ వ్యాన్లే ఊరూరా తిరిగి ఇంటిముందు ఎక్కించుకుపోతున్నాయి. సౌకర్యమే, కాదనను, రైళ్లు ఆగిపోయినా వాళ్లకి నడక తప్పుతుంది. మా వీధిలోకి వచ్చే వ్యాను రోజూ చూస్తుంటాను. ముందు డ్రైవరు పక్కన మేస్త్రీ కూర్చుని ఉంటాడు, వెనక పిల్లలు ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటూ మాట్లాడకుండా కూర్చుని ఉంటారు. మా పాసింజరు కిక్కిరిసి ఉండేది, ఆలస్యంగా వచ్చేది, కూర్చోవడానికి చోటే ఉండేది కాదు. కానీ అందులో మేస్త్రీ ఎక్కేవాడు కాదు. పలాస వచ్చేదాకా ఆ పెట్టె మాది.